విప్పి మళ్ళీ బిగించే వాచీలు

జర్మన్ సిల్వర్ అనగానే మన ఇళ్ళలో గుర్తొచ్చేవి కుంకుమ భరిణె, తాంబూలం పళ్ళెం, పేరంటంలో చేతికిచ్చే చిన్న గిన్నె. పేరులో వెండి ఉందిగానీ ఆ లోహంలో వెండి వీసమెత్తు కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపి కరిగిస్తే వచ్చే తెల్లటి మిశ్రమం అది. చైనావాళ్ళకి ఇలాంటి లోహం చాలాకాలంగా తెలుసు. జర్మనీలో దాన్ని 1823లో చేసి చూపించినవాడు ఎర్న్‌స్ట్ ఆగస్ట్ గైట్నర్, సాక్సనీ కొండల్లోని ష్నేబెర్గ్‌లో. అదే కొండల వరసలో తూర్పువైపుకి వెళితే మ్యూగ్లిట్స్ అనే చిన్న ఏటి ఒడ్డున గ్లాస్‌హ్యూటె వస్తుంది. చాలా ఖరీదైన వాచీలకి పేరుపడిన ఊరు. అక్కడ లాంగె వాచీల కార్ఖానాలో బల్లమీద చూసిన ఒక ట్రే ఇన్నేళ్ళయినా కళ్ళలోంచి పోలేదు. అందులో పాత రూపాయి బిళ్ళంతేసి పలకలు, అన్నీ జర్మన్ సిల్వర్‌వే. ఒక్కదానిమీదా పూత లేదు. కొత్తగా కోసింది వెండిలా తెల్లగా ఉంది. కొన్నేళ్ళ కిందట చేసింది లేత తేనెరంగుకి తిరిగింది.

ఆ పూత లేకపోవడం దగ్గరే అక్కడి పనివాడి కష్టమంతా మొదలవుతుంది. స్విట్జర్లాండులో చాలామంది వాచీ లోపలి పలకల్ని ఇత్తడితో చేసి పైన రోడియం పూత వేస్తారు. మంచి పద్ధతే. పూత ఉంటే పలక మాయదు, చేయి తగిలినా తుడుచుకోవచ్చు. జర్మన్ సిల్వర్‌ని ఉత్తగా వదిలేస్తే మాత్రం చెమటచేయి ఒక్కసారి తగిలినా ఆ వేలిముద్ర కొన్నాళ్ళకి ముదురు మచ్చగా పైకి తేలుతుంది. గుడ్డతో తుడిస్తే పోదు. గట్టిగా రుద్దితే మచ్చతోపాటు పలకమీద ఉన్న చారల పనీ పోతుంది. అందుకే వాళ్ళ వేళ్ళకి సన్నటి రబ్బరు తొడుగులుంటాయి. పట్టకారు కొస జారినా, స్క్రూడ్రైవరు మొన పక్కకి తప్పినా గీత అలాగే ఉండిపోతుంది. ఇంత తిప్పలు దేనికంటే, ఆ లోహం ఇత్తడికన్నా గట్టిది, పైగా గాలి తగిలే కొద్దీ మెల్లగా బంగారు ఛాయ ఎక్కుతుంది. ఆ ఛాయ ఏ పూతతోనూ రాదు.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి. డ్రెస్డెన్ దగ్గర హైడెనావులో రైలు మారితే ఏటి పక్కనే లోయలోకి ఎక్కుతుంది. రెండువైపులా దట్టమైన చెట్ల కొండలు, మధ్యలో ఇరుకు వీధి. అంత చిన్న ఊళ్ళో ఎటు చూసినా వాచీల పేర్లే: గ్లాస్‌హ్యూటె ఒరిజినల్, నోమోస్, టుటిమా, మ్యూలె. ఒకప్పుడు ఈ కొండల్లో వెండి గనులుండేవి. అవి అడుగంటాక జనానికి పని లేకుండా పోయింది. ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగె సాక్సనీ ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకుని, 15 మంది కుర్రాళ్ళని చేర్చుకుని, 1845 డిసెంబరు 7న ఇక్కడ వాచీల పని మొదలుపెట్టాడు. డ్రెస్డెన్‌లో రాజాస్థానపు గడియారాల మేస్త్రి గుట్‌కేస్ దగ్గర నేర్చుకున్నవాడు, పారిస్‌లో పనిచేసి వచ్చినవాడు.

ఆయన చేసిన మార్పుల్లో రెండు నాకు చాలా ఇష్టం. అప్పటి గడియారాలవాళ్ళు లీన్ అనే పాత ఫ్రెంచి కొలతలో లెక్కలు కట్టేవాళ్ళు. ఆయన మిల్లీమీటర్లలోకి మారాడు. రెండోది లేతు, అంటే లోహాన్ని తిప్పుతూ ఉలితో కోసే యంత్రం. అంతకుముందు విల్లుతాడు చుట్టి తిప్పే చిన్న లేతు వాడేవాళ్ళు. విల్లు లాగడానికి ఒక చేయి ఎప్పుడూ పోయేది. పైగా వస్తువు ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఉలి సగంసేపే కోస్తుంది. లాంగె కాలితో తొక్కే చక్రం ఉన్న లేతు పెట్టించాడు. తిరుగుడు ఒకేవైపు, రెండు చేతులూ ఖాళీ. కుట్టుమిషను తొక్కినవాళ్ళకి ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. ఆ తర్వాత 18 ఏళ్ళు ఊరికి మేయరుగా కూడా ఉన్నాడాయన.

తర్వాతి చరిత్ర త్వరగానే చెప్పుకోవచ్చు. 1945 మే 8న, యూరప్‌లో యుద్ధం ముగిసిన రోజునే, బాంబులు పడి లాంగె కార్ఖానా ముఖ్యభవనం కూలిపోయింది. 1948లో ప్రభుత్వం కంపెనీని స్వాధీనం చేసుకుంది. 1951లో ఊళ్ళోని వాచీ కంపెనీలన్నీ కలిసి ఒకే ప్రభుత్వ సంస్థ అయ్యాయి. పశ్చిమ జర్మనీకి వెళ్ళిపోయిన మునిమనుమడు వాల్టర్ లాంగె, జర్మనీ ఒకటయ్యాక, 1990 డిసెంబరు 7న, అంటే ముత్తాత పని మొదలుపెట్టిన సరిగ్గా 145 ఏళ్ళకి, కంపెనీని మళ్ళీ రిజిస్టరు చేశాడు. అప్పటికే స్విస్ వాచీ కంపెనీలు నడుపుతున్న గ్యూంటర్ బ్లూమ్‌లైన్ పక్కన నిలబడ్డాడు. 1994 అక్టోబరు 24న డ్రెస్డెన్ రాజభవనంలో మొదటి నాలుగు వాచీలు చూపించారు. ఆ రోజు 24 అయినా, మర్నాటి పేపర్లలో ఫొటో పడేది 25న కాబట్టి వాచీల తేదీని 25కి తిప్పి పెట్టారు. ఇప్పటికీ లాంగె ప్రకటనల్లో తేదీ 25 దగ్గరే ఉంటుంది. ఈసారి చూసినప్పుడు గమనించండి.

ఇక బల్ల దగ్గరికి. వాచీ పనివాళ్ళ బల్ల ఛాతీ ఎత్తున ఉంటుంది. మోచేతులు బల్లకి ఆనాలి, ముంజేతులు కదలకూడదు, కదిలేవి వేళ్ళు మాత్రమే. మన ఊళ్ళలో బస్టాండు పక్కన గాజు డబ్బాకొట్లో కంటికి లెన్సు బిగించుకుని కూర్చునే వాచీ రిపేరు ఆయన భంగిమే అది. ఆయన కూడా మోచేతులు ఆనించే కూర్చుంటాడు, ఊపిరి బిగపట్టే స్క్రూ తిప్పుతాడు. పని స్వభావం ఒకటే కాబట్టి ఒంటి తీరూ ఒకటే. తేడా చుట్టుపక్కల ఉంటుంది: అక్కడ దుమ్ము లోపలికి రాకుండా గాలిని వడకడతారు, తెల్లకోటు వేసుకుంటే తప్ప బల్ల దాకా రానివ్వరు.

గ్లాస్‌హ్యూటె వాచీని వెనకనుంచి చూస్తే చక్రాలు పెద్దగా కనబడవు. మామూలు వాచీలో ఒక్కో పళ్ళచక్రాన్నో, రెండేసి చక్రాలనో పట్టుకునే చిన్నచిన్న బ్రిడ్జిలుంటాయి. ఇక్కడ వాటి బదులు యంత్రంలో ముప్పావు వంతుని కప్పేసే ఒకే పలక ఉంటుంది. లాంగె ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ వచ్చి 1864కి ఈ ముప్పావు పలకని స్థిరపరిచాడు. అన్ని చక్రాల పైకొసలూ ఒకే పలకలో కూర్చుంటే వాటి మధ్య దూరాలు ఎప్పటికీ మారవు. యంత్రం గట్టిగా ఉంటుంది. బిగించేవాడికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఎందుకో చూడండి. చక్రం ఇరుసు కొస, దాన్నే పివట్ అంటారు, మిల్లీమీటరులో పదోవంతు లావు. వెంట్రుకకన్నా కాస్త లావు, అంతే. ఆ కొస తిరిగేది పలకలో పొదిగిన చిన్న కెంపురాయి రంధ్రంలో. విడివిడి బ్రిడ్జిలైతే ఒక్కో కొసనీ దాని రాయి రంధ్రంలోకి పంపి, బిగించి, రెండోదానికి పోవచ్చు. ముప్పావు పలకలో అన్ని కొసలూ ఒకేసారి వాటివాటి రంధ్రాల్లోకి దిగాలి. పలకని పైన ఉంచుతారు, నొక్కరు. కంటిని బల్ల మట్టానికి దించి, పలకకీ కింది పలకకీ మధ్య సందులోంచి చూస్తూ, సన్నటి పట్టకారుతో ఒక్కో చక్రాన్ని ఇటు కొంచెం, అటు కొంచెం కదుపుతారు. ఒకటి కూర్చుంటే పక్కది పక్కకి వాలుతుంది. దాన్ని సరిచేస్తే మొదటిది లేస్తుంది. అన్నీ కుదిరిన క్షణాన పలక తన బరువుతో తానే ఒక వెంట్రుకవాసి కిందికి జారుతుంది. ఆ జారడం కంటికి సరిగా తెలియదు, వేలికి తెలుస్తుంది. అప్పుడు స్క్రూలు. అవి కూడా ఒక్కసారిగా బిగించరు. ఒకటి అర చుట్టు, ఇంకొకటి అర చుట్టు, మధ్యమధ్య చక్రాన్ని కదిపి చూస్తూ.

తొందరపడి నొక్కితే రెండు రకాల నష్టం. పివట్ వంగితే వెంటనే తెలుస్తుంది, చక్రం ఊగుతూ తిరుగుతుంది. రాయి అంచు చిట్లితే వెంటనే తెలియదు. వాచీ చక్కగా నడుస్తుంది. కానీ ఆ చిట్లిన అంచు ఉక్కు కొసని గీకుతూ ఉంటుంది, నూనె నల్లబడుతుంది, కొన్ని నెలలకి వాచీ బలహీనపడుతుంది. విప్పి చూస్తే తప్ప కారణం దొరకదు. రిపేరుకొచ్చిన వాచీల్లో ఇలాంటివి ఎక్కువగా ఇంతకుముందు ఎవరో తొందరగా బిగించినవే.

పలక కూర్చున్నాక నిలువు ప్లే చూడాలి. ప్రతి చక్రాన్నీ పట్టకారుతో కొద్దిగా ఎత్తి వదిలితే అది కిందికి పడాలి. ఆ ఖాళీ 0.02 నుంచి 0.03 మిల్లీమీటరు. అంతకన్నా తక్కువైతే చలికో వేడికో బిగుసుకుంటుంది, ఎక్కువైతే చక్రం వాలి పళ్ళు సరిగా కలవవు. తేడా ఉంటే పలక మళ్ళీ విప్పి, రాయిని మిల్లీమీటరులో నూరోవంతు కిందికో పైకో జరిపి, మళ్ళీ పైన చెప్పిన తతంగమంతా. ఒక్క వాచీకి ఇది మూడుసార్లు కావచ్చు, ఆరుసార్లూ కావచ్చు. పలక ఎక్కి దిగిన ప్రతిసారీ ఆ పూతలేని జర్మన్ సిల్వర్‌మీద ఎక్కడో ఒక గీత పడక తప్పదు.

అందుకే వాచీని రెండుసార్లు బిగిస్తారు. మొదటిసారి మామూలు స్క్రూలతో, మెరుగులు పూర్తికాని పలకతో. సర్దుబాట్లన్నీ చేసి, వాచీ టైము సరిగ్గా చూపిస్తోందని తేల్చుకుంటారు. అప్పుడు, బాగా నడుస్తున్న ఆ వాచీని పూర్తిగా విప్పేస్తారు. ప్రతి భాగాన్నీ కడిగి, పలకమీద చారల పని పెట్టి, మెరుగులు పూర్తిచేసి, ఈసారి నీలం స్క్రూలతో రెండోసారి బిగిస్తారు. ఈ విప్పడం చూసినప్పుడు మనసు ఒప్పుకోదు. టిక్ టిక్ మంటూ అటూ ఇటూ ఊగి టైము కొలిచే బ్యాలెన్సు చక్రాన్ని ఎత్తి పక్కన పెట్టేస్తే, నిమిషం కిందటి దాకా ప్రాణమున్న వస్తువు డబ్బా గళ్ళలో ముక్కలై ఉంటుంది. లాంగె 1 అనే వాచీ 1994 నాటి యంత్రంలో ముక్కలు 365. ఎంత చవక లాంగె వాచీకైనా ఇదే పద్ధతి. వాళ్ళ మీద నాకున్న గౌరవమంతా ఈ ఒక్క నియమం వల్లే.

నీలం స్క్రూల సంగతి దగ్గరగా చూడదగ్గది. రంగు వేయరు, పూత పూయరు. ఉక్కుని కాలిస్తే వచ్చే నీలం అది. ముందు స్క్రూ తలని అద్దంలా మెరుగు పెడతారు. తర్వాత నూనె మరక ఒక్కటి లేకుండా కడుగుతారు. ఇత్తడి పలకకి చిన్న రంధ్రాలు చేసి, స్క్రూలని తలకిందులు కాకుండా వాటిలో నిలబెట్టి, కింద మంట పెడతారు. ఇత్తడి రజనులో కూరినా సరే, వేడి అన్నివైపులా సమంగా అందడం ముఖ్యం. 220 డిగ్రీల దగ్గర తల గడ్డిరంగుకి తిరుగుతుంది. 250 దాటాక గోధుమరంగు, 280కి వంకాయరంగు. 290, 300 మధ్య ఒక్కసారిగా ఆ నీలం వస్తుంది. నెమలి మెడ రంగు. అది వచ్చిన కొన్ని సెకన్లలో బయటికి తీయాలి. ఆలస్యమైతే వెలిసిన నీలం, ఇంకా ఆగితే బూడిదరంగు. వెనక్కి తిప్పుకోవడం కుదరదు. మెరుగు పెట్టడం దగ్గరినుంచి మళ్ళీ మొదలు.

ఒకే పలకమీద కాల్చిన స్క్రూలన్నీ ఒకేసారి నీలానికి రావు. చిన్న తల ముందు వేడెక్కుతుంది, పెద్దది తర్వాత. కాబట్టి చూస్తూ ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. తలమీద ఒకచోట నీలం, ఒకచోట వంకాయరంగు మచ్చలా ఉంటే కడగడంలో లోపం, వేలిముద్ర నూనె ఉండిపోయిందన్నమాట. ఇంకో సంగతి: ఈ నీలం మొదట్లో అందం కోసం పుట్టలేదు. గట్టిపరిచిన ఉక్కు పెళుసుగా ఉంటుంది. దాన్ని ఈ వేడిదాకా తెచ్చి చల్లారిస్తే పెళుసుదనం తగ్గి స్ప్రింగులా సాగే గుణం వస్తుంది. నీలం కనబడిందంటే సరైన వేడికి వచ్చిందని గుర్తు. కొలిమి దగ్గర పనిచేసే కమ్మరికి ఈ రంగుల లెక్క బాగా తెలుసు.

రాళ్ళ చుట్టూ కనిపించే బంగారు వలయాల గురించి ఒక మాట. పూర్వం రాళ్ళు, రంధ్రాలు సరిగ్గా ఒకే కొలతకి వచ్చేవి కావు. అందుకే రాయిని బంగారు వలయంలో పొదిగి, ఆ వలయాన్ని పలకలో చిన్న స్క్రూలతో బిగించేవాళ్ళు. రాయి పగిలితే వలయం విప్పి మార్చుకోవచ్చు. ఇప్పుడు కృత్రిమ కెంపుని ఖచ్చితమైన కొలతలో కోసి నేరుగా పలకలోకి అదిమి కూర్చోబెడితే సరిపోతుంది, అంతే బాగా పనిచేస్తుంది. అంటే ఆ వలయాలిప్పుడు అవసరం కోసం ఉన్నవి కావు, ఊరి సంప్రదాయం కోసం ఉన్నవి. ఎర్ర కెంపు, పసుపు బంగారం, నీలం స్క్రూ, చుట్టూ జర్మన్ సిల్వర్. చిన్న జాగాలో ఆ నాలుగు రంగులు చూస్తే వద్దనే మనిషి ఉండడు.

మెరుగుల్లో కష్టమైనది నల్ల మెరుగు. ఉక్కు ముక్కని తగరపు పలకమీద బోర్లించి, వజ్రపు పొడి ముద్దతో, వేలికొసతో మెల్లగా గుండ్రంగా తిప్పుతూ రుద్దుతారు. ఒత్తిడి ఎక్కువైతే అంచులు గుండ్రబడతాయి, తక్కువైతే పని జరగదు. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని వెలుతురులో వంచి చూస్తారు. ఒక కోణంలో అద్దంలా తెల్లగా మెరవాలి, కాస్త తిప్పితే మొత్తం ఒకేసారి కాటుకలా నల్లబడాలి. ఎక్కడైనా బూడిదరంగు చార కనబడితే పని కాలేదు. ముద్దలో పెద్ద రేణువు ఒక్కటి చేరినా గంటల శ్రమమీద ఒక గీత. అప్పుడు ముతక ముద్ద దగ్గరికి వెనక్కి వెళ్ళాలి. హంస మెడలా వంగిన చిన్న స్ప్రింగు ఒకటుంటుంది, టైముని సన్నగా సర్దే సూదిని పట్టుకునేది. దానికి ఈ మెరుగు పెట్టి చూస్తే ఎంత పనో తెలుస్తుంది, ఎందుకంటే దాని మెడ సన్నం, పట్టుకునే చోటు లేదు.

అంచుల చెక్కుడు పని మన కంసాలులు చూస్తే ముచ్చటపడతారు. ప్రతి పలక అంచునీ 45 డిగ్రీలకి చెక్కి, ఆకురాయితో సమం చేసి, మెత్తటి చెక్కపుల్లకి ముద్ద పూసి రుద్ది మెరిపిస్తారు. ఆ వాలు వెడల్పు మొదలునుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. బయటి మూలలు యంత్రం కూడా చేయగలదు. లోపలికి తిరిగే మూల, రెండు వాలులు కలిసి పదునైన గీతగా చేరే చోటు, చేతికే సాధ్యం. తిరిగే ఏ పనిముట్టైనా అక్కడ గుండ్రంగానే వదిలేస్తుంది. ఏ ఖరీదైన వాచీనైనా పరీక్షించాలంటే లెన్సు పెట్టి ముందు ఆ లోపలి మూల చూడండి. మిగతా కబుర్లు తర్వాత.

బ్యాలెన్సు చక్రాన్ని పట్టుకునే చిన్న బ్రిడ్జిమీద పూలు చెక్కుతారు, ప్రతి వాచీకీ, చేత్తోనే. ముక్కని ఒక బరువైన గుండుమీద బిగిస్తారు. కుడిచేతిలో ఉలి దాదాపు కదలదు, ఎడమచేయి గుండుని ఉలి కిందికి తిప్పుతుంది. రేక వంపు రావడానికి తిరిగేది పూవే. ఉలిని పక్కకి వాలిస్తే గీత వెడల్పవుతుంది, నిటారుగా లేపితే సన్నబడుతుంది. వెలుగు పడితే రేకుల్లో కనిపించే ఎత్తుపల్లాలన్నీ ఆ వాలు వల్లే. నమూనా అందరిదీ ఒకటే అయినా ఒకరి రేక కొస కొంచెం కోసుగా, ఇంకొకరిది కొంచెం మొండిగా ఉంటుంది. కొన్నేళ్ళ తర్వాత సర్వీసుకి వచ్చిన వాచీ తెరిస్తే అది ఎవరి చేయో ఆ గదిలోవాళ్ళు చెప్పేయగలరు. మన ముగ్గుల్లో అమ్మ గీత, పిన్ని గీత వేరుగా తెలిసినట్టే.

కంటికి కనిపించే పనుల గురించే ఎక్కువ చెప్పుకున్నాం కానీ వాచీ ప్రాణం హెయిర్ స్ప్రింగులో, అంటే బ్యాలెన్సు చక్రాన్ని ఊగించే సన్నటి చుట్ల స్ప్రింగులో ఉంది. దీన్ని సొంతంగా చేసుకోగల కంపెనీలు లోకంలో చాలా కొద్ది. నికెల్, ఇనుము కలిసిన ప్రత్యేక మిశ్రమాన్ని తీగలా లాగి, రోలర్ల మధ్య రిబ్బనులా చదును చేస్తారు. ఉష్ణోగ్రత మారినా సాగే గుణం మారని ఇలాంటి మిశ్రమాల వెనక ఉన్నవాడు షార్ల్ ఎద్వార్ గియోమ్, దానికే 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ రిబ్బనులు కొన్నింటిని కలిపి ఒకే చిన్న డబ్బాలో చుట్టి, కొలిమిలో పెట్టి ఆకారం నిలబడేలా చేస్తారు. బయటికి తీసి విడదీస్తే ఒక్కోటి ఒక్కో స్ప్రింగు.

ఇందులో చదును చేయడమెంత కష్టమో ఒక లెక్కతో చెప్పవచ్చు. రిబ్బను మందం 0.04 మిల్లీమీటరు అనుకుందాం. స్ప్రింగు బిర్రు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది, అంటే మందం ఒక శాతం పెరిగితే బిర్రు మూడు శాతం పెరుగుతుంది. ఊగే వేగం బిర్రు వర్గమూలాన్ని బట్టి కాబట్టి ఒకటిన్నర శాతం పెరుగుతుంది. రోజుకి 86,400 సెకన్లు. అందులో ఒకటిన్నర శాతం 1,296 సెకన్లు, అంటే రోజుకి 21 నిమిషాలకి పైగా ఫాస్టు. ఇదంతా 0.0004 మిల్లీమీటరు తేడాకి! పొడవు సర్ది, బ్యాలెన్సు చక్రం బరువు సర్ది దాన్ని సెకన్లలోకి తెస్తారు నిజమే, కానీ మొదటి కొలత దారి తప్పితే ఏ సర్దుబాటూ కాపాడదు.

హెయిర్ స్ప్రింగుకి వచ్చే జబ్బులు మన వాచీ రిపేరు కొట్లలోనూ రోజూ కనబడేవే. వాచీ ఉన్నట్టుండి గంటకి నిమిషాలు నిమిషాలు ఫాస్టు పోతోందంటే నూటికి తొంభైసార్లు చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయని. కారణం రెండింట్లో ఒకటి: నూనె పాకడం, లేదా అయస్కాంతం. అంటుకున్న చుట్టు పనిచేయదు కాబట్టి స్ప్రింగు పొట్టిదైపోతుంది, పొట్టి స్ప్రింగు వేగంగా ఊగుతుంది. అయస్కాంతమైతే డీమాగ్నెటైజరు మీద పెట్టి మెల్లగా దూరంగా లాగితే నిమిషంలో పోతుంది. నూనె అయితే కడగాలి.

నూనె గురించి అక్కడివాళ్ళ పట్టుదల వేరే. ఒకే వాచీలో నాలుగైదు రకాల నూనె, గ్రీజు. మెల్లగా, బరువుగా కదిలే చోట చిక్కటిది, వేగంగా ఊగే పివట్లకి పల్చటిది. సూది కొసన ఒక బొట్టు తీసుకుని రాయి గుంటలో తాకిస్తారు. లెన్సులోంచి చూస్తే నూనె పివట్ చుట్టూ వలయంలా నిలవాలి. గుంట నిండిపోతే ఎక్కువైనట్టు. ఎక్కువ నూనె అక్కడ ఆగదు, పలకమీదికి పాకిపోతుంది, చివరికి కావలసిన చోటే ఎండిపోతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు తక్కువ వేయడం అనుకుంటారు చాలామంది. ఎక్కువ వేయడమే.

బిగించాక వాచీని టిక్కులు వినే మైకు ఉన్న మిషనుమీద పెట్టి అయిదు భంగిమల్లో చూస్తారు: డయలు పైకి, డయలు కిందికి, తర్వాత నిలువుగా మూడు వైపులకి. పడుకోబెట్టినప్పుడు బ్యాలెన్సు ఇరుసు ఒక్క కొసమీద నిలబడి తిరుగుతుంది, బొంగరంలా, రాపిడి తక్కువ. నిలబెడితే రెండు పివట్లూ పక్కమీద ఆనుతాయి, రాపిడి పెరిగి ఊపు తగ్గుతుంది. పడుకున్నప్పుడు ఊపు 300 డిగ్రీలుంటే నిలబెట్టాక 270 దగ్గరికి రావడం మామూలే. అంతకన్నా బాగా పడిపోతే పివట్ చూడాలి. నిలువు భంగిమల్లో ఒకదానికొకటి పొంతన లేకుండా తేడాలొస్తే చక్రం ఒకవైపు బరువెక్కిందని అర్థం.

లాంగె 1 డయలుమీద అందరికీ కనిపించేది పెద్ద తేదీ. డ్రెస్డెన్ ఒపేరా థియేటరులో వేదికపైన అంకెలు మారే గడియారం ఒకటుంది. మొదటిది 1841 నాటిది. గుట్‌కేస్ చేస్తే లాంగె సాయం చేశాడు. గంటలు ఒక కిటికీలో, నిమిషాలు అయిదేసి చొప్పున పక్క కిటికీలో. వాచీలో పెద్ద తేదీకి ఆ రెండు కిటికీలే ఆధారం. పదుల అంకె చిన్న శిలువలాంటి పలకమీద ఉంటుంది, నాలుగు చేతులకి ఖాళీ, 1, 2, 3. ఒకట్ల అంకె 0 నుంచి 9 దాకా ఉన్న బిళ్ళమీద. ఇక్కడే తెలివి. 31 తర్వాత 1 రావాలి. ఒకట్ల అంకె 1గానే ఉండాలి, పదుల అంకె ఒక్కటే మారాలి. అందుకని నెలకి ఒక చుట్టు తిరిగే చక్రంలో ఒకట్ల బిళ్ళని తోసే పళ్ళు 31 చోట్లకి 30 మాత్రమే. ఒక పన్ను కావాలనే లేకుండా వదిలేశారు. పదుల శిలువని తోసే పళ్ళు నాలుగు: 9 నుంచి 10కి, 19 నుంచి 20కి, 29 నుంచి 30కి, 31 నుంచి 1కి. ఆ లేని పన్ను చోటుని చూపించినప్పుడు కలిగిన సంతోషం ఇంకా తాజాగానే ఉంది.

ఈ వాచీల్లో ఉన్న సూత్రమే మన హెచ్ఎంటీ జనతాలోనూ ఉంది. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన కార్ఖానా అది. జనతా 17 రాళ్ళ వాచీ, సెకనుకి 5 టిక్కులు, రోజుకి 4,32,000. లాంగె 1 సెకనుకి 6. రెంటిలోనూ చుట్టు స్ప్రింగు, పళ్ళచక్రాలు, అదే లీవరు, అదే బ్యాలెన్సు. జనతా పలకలమీద చారలు లేవు, చెక్కుడు లేదు, అయినా పెళ్ళినాడు కట్టుకున్న వాచీ మనవడి చేతికి వచ్చి కూడా నడుస్తున్న ఇళ్ళు మన ఊళ్ళలో బోలెడు. లాంగె పని గొప్పదని చెప్పడానికి జనతాని తక్కువ చేయనక్కర్లేదు. కీ ఇచ్చే వాచీ ఏదైనా ఒకటే జాగ్రత్త: రోజూ ఒకే వేళకి, చేతినుంచి తీసి, బిగుసుకునేదాకా ఇచ్చి ఆపడం. చేతికి ఉండగా కీ ఇస్తే ఇరుసుమీద పక్కబలం పడి అది అరుగుతుంది.

సర్వీసుకి వచ్చిన 1994 నాటి వాచీని విప్పితే వెనకపలక తేనెరంగులో ఉంటుంది. అందులో ఏదైనా ఒక బ్రిడ్జి మార్చాల్సివస్తే కొత్తది తెల్లగా వస్తుంది, పాత పలక పక్కన కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దానికి రంగు కలపరు, పూత వేయరు. అలాగే బిగించి మూత వేస్తారు. గాలి దాని పని అది చేసుకుంటూ పోతుంది, కొన్నేళ్ళకి ఏది కొత్తదో చెప్పడం కష్టమవుతుంది.